కంప్యూటరు లాగ్ బుక్కు: మడిచి దాచే పద్ధతి

(చిక్కడపల్లిలో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"కరువు భత్యం గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ ఎలాగూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈసారి మీ కంప్యూటరు సంగతి ఏదైనా నలుగురికీ అర్థమయ్యేలా చెప్పండి" అని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పదవీ విరమణ చేసేవరకు ఇ.డి.పి. విభాగంలోనే పనిచేశాను. ఏసీ గదిలో కూర్చుని మీ జీతం బిల్లుల లెక్కలు వేసినవారిలో ఒకణ్ణి. ఆ గదిలో రోజూ చేసే పని ఒకటి బయటివారికి ఎవరికీ తెలియదు. యంత్రం రాసుకునే దినచర్య పుస్తకాలను ఎప్పటికప్పుడు మార్చడం, పాతవాటిని కుదించి దాచడం, గడువు తీరినవాటిని తీసివేయడం. చిన్న పనే. కాని అది సరిగా జరిగిందా లేదా అన్నదాని మీద ఒక్కొక్కప్పుడు మన పెన్షనే ఆధారపడి ఉంటుంది. ఎలాగో మనవి చేస్తాను.

లాగ్ బుక్కు మనకు కొత్త కాదు

మన ఆఫీసు జీపులో డ్రైవరు సీటు పక్కన లాగ్ బుక్కు ఉండేది. ఎన్ని గంటలకు బయలుదేరింది, మీటరు రీడింగు ఎంత, ఎవరు ఎక్కారు, ఏ పని మీద వెళ్ళారు, చివర ఆఫీసరుగారి సంతకం. ఆడిట్ వాళ్ళు వస్తే మొదట అడిగేది ఆ పుస్తకమే. అసలు ఆ పేరు ఓడల నుంచి వచ్చింది. వెనుకటి రోజుల్లో ఓడ వేగం కొలవడానికి తాడు కట్టిన కొయ్య దుంగను నీళ్ళలోకి వదిలేవారు. దుంగను ఇంగ్లీషులో లాగ్ అంటారు. ఆ లెక్కలు రాసే పుస్తకం లాగ్ బుక్కు అయింది.

కంప్యూటరు కూడా అలాంటి పుస్తకమే రాసుకుంటుంది. ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు తప్పు పాస్‌వర్డు కొట్టారు, ఏ కాగితం అందింది, ఏది తిరస్కరించింది, ప్రతిదానికీ ఒక వరుస. అందులో తేదీ, గంట, నిమిషం, సెకను, యంత్రం పేరు, పని చేసిన ప్రోగ్రాము పేరు, ఆ తరువాత సంగతి. 1980లలో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ అనే ఆయన సెండ్‌మెయిల్ అనే ఉత్తరాల ప్రోగ్రాము రాస్తూ, దాని కోసం సిస్‌లాగ్ అనే ఏర్పాటు చేశాడు. అదే తరువాత యునిక్స్ యంత్రాలన్నింటికీ వాడుక అయింది. మన దేశంలో 1984 నాటి రంగరాజన్ కమిటీ నివేదిక తరువాత బ్యాంకుల్లోకి యునిక్స్ యంత్రాలు వచ్చాయి. ఇప్పుడు ఎక్కువ సర్వర్లలో దాని తమ్ముడైన లినక్స్ ఉంది. అందులో ఈ పుస్తకాలన్నీ ఒకే బీరువాలో ఉంటాయి. ఆ బీరువా చిరునామా: స్లాష్ వార్ స్లాష్ లాగ్.

మీరు నారాయణగూడ మెట్రో స్టేషనులో కార్డు గేటు మీద పెడితే ఎక్కడో ఒక వరుస పడుతుంది. చిక్కడపల్లిలో దిగి మళ్ళీ కార్డు చూపిస్తే ఇంకొక వరుస. ఒక స్టేషను దూరం ప్రయాణానికి రెండు వరుసలు. 2020 ఫిబ్రవరిలో ఈ లైను మొదలైనప్పటి నుంచి ఎన్ని వరుసలు పడి ఉంటాయో మీరే ఊహించండి.

పుస్తకం నిండితే ఏమవుతుంది

జీపు పుస్తకం నిండితే స్టోర్సు నుంచి కొత్తది తెచ్చుకుంటాం. యంత్రానికి ఆ తెలివి దానంతట అది ఉండదు. ఎవరూ మార్చకపోతే అదే ఫైలులో రాసుకుంటూ పోతుంది. అశోక్‌నగర్‌లో మా అపార్టుమెంటు సంపు ఉంది. నీళ్ళు వదిలిన రోజున వాచ్‌మన్ వాల్వు కట్టకపోతే పొంగి సెల్లారులోకి వస్తాయి. డిస్కు పొంగదు. నిండిన క్షణాన రాయడం ఆగిపోతుంది. రాయలేని యంత్రం మీ దరఖాస్తునూ పుచ్చుకోదు, రసీదూ ఇవ్వదు. "సర్వర్ డౌన్ అండీ, రేపు రండి" అని కౌంటరులో అమ్మాయి చెప్పినప్పుడు, కొన్నిసార్లు లోపల జరిగింది ఇంతే.

అందుకని సర్వరు చూసుకునేవాడు పొద్దున్నే రెండు ఆజ్ఞలు కొడతాడు. నల్లటి తెర మీద అక్షరాలతో టైపు చేసే ఆజ్ఞలు. మౌసుతో పనిలేదు. మొదటిది 'డీఎఫ్ -హెచ్'. డిస్కు మొత్తం ఎంత, ఎంత నిండింది, ఎంత మిగిలింది అని వరుసగా చూపిస్తుంది. రెండోది 'డీయూ -ఎస్‌హెచ్'. దాని పక్కన బీరువా చిరునామా ఇస్తే, ఆ బీరువాలోని పుస్తకాలు ఎంత చోటు తిన్నాయో చెబుతుంది. మొదటిది గోదాము లెక్క, రెండోది బీరువా లెక్క.

ఇక్కడ ఒక చిక్కుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు డిస్కు నిండిందని కంగారుపడి పెద్ద లాగ్ ఫైలును 'ఆర్ఎం' ఆజ్ఞతో కొట్టేస్తారు. బీరువా లెక్క తగ్గుతుంది. గోదాము లెక్క మాత్రం అంతే ఉంటుంది. దీనికి కారణం మనకు సులభంగానే అర్థమవుతుంది. గుమాస్తా బల్ల మీద రిజిస్టరు తెరిచి రాసుకుంటున్నాడు. మీరు వెళ్ళి రికార్డు రూము జాబితాలో ఆ రిజిస్టరు పేరు కొట్టేశారు. జాబితాలో పేరు పోయింది కాని పుస్తకం బల్ల మీదే ఉంది, గుమాస్తా ఇంకా రాస్తూనే ఉన్నాడు. యునిక్స్‌లో ప్రోగ్రాము ఫైలును ఒకసారి తెరిచాక పేరుతో దానికి పనిలేదు. అది మూసేదాకా చోటు ఖాళీ కాదు. అలాంటి పేరులేని పుస్తకాలను 'ఎల్ఎస్ఓఎఫ్' అనే ఆజ్ఞ పట్టి ఇస్తుంది. తీసేయడం కంటే, ఫైలును అలాగే ఉంచి లోపలి రాతను సున్నా చేసే 'ట్రంకేట్' ఆజ్ఞ ఇటువంటి సమయంలో పనికి వస్తుంది. కాని అప్పుడు రాత పోతుంది. రాత పోకుండా చోటు మిగలాలంటే పద్ధతి వేరు. ఆ పద్ధతిని రొటేషన్ అంటారు.

వంతులు మార్చే పద్ధతి

మన జిల్లా ఆఫీసు మాన్యువలులో ఫైలు ముగించేటప్పుడు ఎల్.డిస్, డి.డిస్, ఆర్.డిస్ అని రాసేవాళ్ళం, గుర్తుందా? ఎల్.డిస్ అయితే ఏడాదికి పోతుంది, డి.డిస్ పదేళ్ళుంటుంది, ఆర్.డిస్ శాశ్వతం. ఏ కాగితం ఎన్నాళ్ళు ఉంచాలన్నది ఫైలు మూసే రోజునే నిర్ణయమై ఉండేది. రికార్డు కీపరు తన ఇష్టప్రకారం చించడానికి వీలులేదు. లాగ్ రొటేషన్ సరిగ్గా అదే ఆలోచన.

నాలుగు పాత పుస్తకాలు ఉంచాలని నియమం అనుకుందాం. వారం పూర్తయిన రాత్రి ఏం జరుగుతుందంటే, నాలుగో నంబరు పుస్తకం పోతుంది. మూడు నాలుగవుతుంది. రెండు మూడవుతుంది. ఒకటి రెండవుతుంది. ఇప్పటిదాకా రాస్తున్న పుస్తకం ఒకటో నంబరు అవుతుంది. దాని స్థానంలో తెల్ల పుస్తకం వస్తుంది. గమనించండి, పని చివరి నుంచి మొదలు కావాలి. ముందు నుంచి మొదలుపెట్టి కొత్తదాన్ని ఒకటి చేస్తే పాత ఒకటి తుడిచిపెట్టుకుపోతుంది. సినిమా హాలు వరుసలో వెనక సీటు ఖాళీ అయితేనే ముందువాడు వెనక్కు జరగగలడు.

పేరు మార్చినంత మాత్రాన పని పూర్తి కాదు. ఇందాకటి గుమాస్తానే తీసుకోండి. ఆయన చేతిలో ఉన్న పుస్తకం అట్ట మీద 'ఒకటి' అని చీటీ అంటించారు. ఆయన తల ఎత్తి చూడడు, అందులోనే రాస్తూ ఉంటాడు. తెల్ల పుస్తకం తెల్లగానే ఉంటుంది. ఎవరో ఒకరు భుజం తట్టి "బాబూ, అది మూసి కొత్తది తీసుకో" అని చెప్పాలి. యునిక్స్‌లో ఆ భుజం తట్టడాన్ని హప్ సంకేతం అంటారు. కొన్ని ప్రోగ్రాములకు ఆ సంకేతం అర్థం కాదు. వాటికి ఇంకో దారి ఉంది. పుస్తకంలోని రాత మొత్తం మరొక పుస్తకంలోకి నకలు తీసి, అసలు పుస్తకాన్ని అక్కడికక్కడే ఖాళీ చేయడం. దీనిలో ఒక లోపం ఉంది. నకలు పూర్తయి ఖాళీ చేసేలోపు పడిన వరుసలు పోతాయి. ఒకటి రెండు వరుసలే కావచ్చు. కాని అవి ఎవరి వరుసలో మనం చెప్పలేం కదా.

కుదించడం ఎలా

ఇక కుదింపు. యూనివర్సిటీ చదువు లేకపోయినా మన గుమాస్తాలు వందేళ్ళుగా చేస్తున్న పనే ఇది. పై వరుసలో ఉన్న ఊరే కింద వరుసలోనూ ఉంటే మళ్ళీ రాసేవాళ్ళం కాదు. 'డిటో' అని రెండు చుక్కలు పెట్టేవాళ్ళం. 1977లో అబ్రహాం లెంపెల్, జేకబ్ జివ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ డిటోకు గణిత రూపం ఇచ్చారు. "ఇన్ని అక్షరాల వెనక్కి వెళ్ళి, అక్కణ్ణించి ఇన్ని అక్షరాలు తీసుకో" అని రెండు అంకెలు రాస్తే చాలు. ఎంత పొడుగు వాక్యమైనా అంతలో ఇమిడిపోతుంది.

దీనికి ఇంకొక ఉపాయం తోడైంది. 1952లో డేవిడ్ హఫ్‌మన్ చెప్పింది. ఎక్కువసార్లు వచ్చే అక్షరానికి చిన్న గుర్తు, అరుదుగా వచ్చేదానికి పెద్ద గుర్తు. తంతి ఆఫీసులో పనిచేసిన మిత్రులకు ఇది వివరించనక్కరలేదు. మోర్సు లిపిలో ఇంగ్లీషు 'ఇ' అక్షరానికి ఒక్క చుక్కే. పెళ్ళి శుభాకాంక్షల తంతికి మొత్తం వాక్యం పంపకుండా ఒక నంబరు పంపేవారు, అవతల గుమాస్తా ఆ నంబరు చూసి పూర్తి వాక్యం రాసి ఇచ్చేవాడు. 2013 జూలైలో తంతి సేవ ఆగిపోయింది కాని ఆ ఉపాయం మన ఫోనుల్లో బతికే ఉంది.

ఈ రెండూ కలిపి పనిచేసే ప్రోగ్రాము జీజిప్. జాన్-లూ గయీ, మార్క్ ఆడ్లర్ అనే ఇద్దరు 1992లో దీన్ని లోకానికి ఉచితంగా ఇచ్చారు. అంతకు ముందు వాడుకలో ఉన్న 'కంప్రెస్' అనే ప్రోగ్రాము పేటెంటు చిక్కుల్లో పడడమే అందుకు కారణం. 'జీజిప్' అని కొట్టి ఫైలు పేరు ఇస్తే చాలు. అసలు ఫైలు స్థానంలో చివర 'జీజెడ్' అని తోక ఉన్న చిన్న ఫైలు మిగులుతుంది. లాగ్ పుస్తకాల్లో అవే తేదీలు, అవే పేర్లు, అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. డిటోలు ఎక్కువ. అందుకని తరచుగా పదో వంతుకు, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు కూడా దిగుతాయి. ఫొటోలు, సినిమాలు ఇలా దిగవు. అవి ముందే కుదించి ఉంటాయి. పిండిన బట్టను మళ్ళీ పిండితే నీళ్ళెక్కడివి?

కుదించినదాన్ని చదవడానికి విప్పనక్కరలేదు. 'జెడ్‌క్యాట్' అంటే మడతల్లోంచే చదివి చూపిస్తుంది. 'జెడ్‌గ్రెప్' అంటే మడతల్లోనే వెతుకుతుంది. ఆరు నెలల కుదించిన పుస్తకాల్లో ఒక్క నంబరు వెతకమంటే కాసేపట్లో దొరికిన వరుసలన్నీ తెర మీద పెడుతుంది. 'జీజిప్ -టి' అంటే మడత చెడిపోలేదు కదా అని పరీక్ష చేస్తుంది. దాచేముందు ఈ పరీక్ష చేయడం మంచి అలవాటు.

రాత్రి డ్యూటీ గుమాస్తా

ఇదంతా రోజూ చేత్తో చేయడం ఎవరి తరమూ కాదు. లినక్స్‌లో లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రాము ఉంది. రోజుకొకసారి నిద్ర లేచి, తన ఆజ్ఞాపత్రం చదువుకుని, పుస్తకాలు మార్చి, కుదించి, గడువు తీరినవి తీసేసి మళ్ళీ పడుకుంటుంది. ఆ పత్రంలో మాటలు చాలా తేలిక. 'డైలీ' అంటే రోజూ మార్చు. 'వీక్లీ' అంటే వారానికి. 'రొటేట్' పక్కన అంకె వేస్తే అన్ని పాత పుస్తకాలు ఉంచు. 'కంప్రెస్' అంటే కుదించు. 'డిలే కంప్రెస్' అంటే నిన్నటి పుస్తకాన్ని ఇవాళే మడవకు, ఒక వంతు ఆగు. పాత గుమాస్తా చివరి వరుస ఇంకా రాస్తూ ఉండవచ్చు కనుక ఈ జాగ్రత్త. 'డేట్ ఎక్స్‌ట్' అంటే ఒకటి, రెండు అని కాకుండా తేదీ వేసి పేరు పెట్టు. నన్నడిగితే తేదీ పేరే మేలు. బైండు చేసిన పత్రికల అట్ట మీద నెల, సంవత్సరం వేయించే లైబ్రేరియనుకు తెలుసు దాని విలువ.

ఆజ్ఞాపత్రం మార్చినవారు ముందు 'లాగ్‌రొటేట్ -డి' అని కొట్టి చూడాలి. నిజంగా ఏమీ చేయకుండా, చేయబోయేది చెబుతుంది. పెళ్ళికి ముందు రిహార్సలు లాంటిది. ఇంకొక మాట. ఆ పత్రంలో పేరు లేని పుస్తకాన్ని లాగ్‌రొటేట్ తాకదు. కొత్త ప్రోగ్రాము పెట్టి దాని లాగ్ ఫైలును జాబితాలో చేర్చకపోతే, అది ఎవరికీ పట్టకుండా పెరిగి ఒకనాడు డిస్కును ముంచుతుంది.

నాలుగు వారాల నియమం ఒక తల్లికి చేసినది

ఇప్పుడు అసలు విషయం. మన సభ్యుడొకరు కాలం చేశారు. ఆయన సతీమణికి ఫ్యామిలీ పెన్షను వస్తోంది. ఆఫీసు పేరు చెప్పను, ఊరు మన ఊరే. నవంబరు 14న ఆమె నారాయణగూడలో ఒక ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని ఆ ఆఫీసు వెబ్‌సైటులో లైఫ్ సర్టిఫికెట్ పంపింది. ప్రింటరులో ఇంకు లేదని రసీదు చేతికి రాలేదు. డిసెంబరు పెన్షను పడలేదు. పాస్‌బుక్కు వేయించుకున్నాక జనవరి రెండో వారంలో ఆ సంగతి తెలిసింది. వెళ్ళి అడిగితే "మీ సర్టిఫికెట్ మా దగ్గర లేదమ్మా, మీరు పంపలేదు" అన్నారు. ఆమె పంపానంటుంది. కాగితం లేదు. సాక్షి లేడు.

"అన్నయ్యగారూ, నేను అబద్ధమాడతానా?" అని నన్ను అడిగింది. "అమ్మా, నీ మాట నేను నమ్ముతాను. వాళ్ళను నమ్మించే మాట ఆ యంత్రంలో ఉండాలి" అన్నాను.

నేను వెంట వెళ్ళాను. సర్వరు గదిలో కుర్రవాడు మర్యాదస్తుడు. ఆజ్ఞాపత్రం తెరిచి చూపించాడు. 'వీక్లీ', 'రొటేట్ 4'. కొనుక్కున్ననాటి నుంచి ఎవరూ మార్చని నియమం. నడుస్తున్న వారం, దాని వెనక నాలుగు వారాలు. నవంబరు 14 నాటి పుస్తకం డిసెంబరు మూడో వారానికే పోయింది. ఆమెకు పెన్షను ఆగిందని తెలిసే నాటికే సాక్ష్యం లేదు. ఎవరూ కావాలని చేయలేదు. నియమం రాసినవారికి పెన్షను ఎప్పుడు ఆగుతుందో, ముసలివాళ్ళు పాస్‌బుక్కు ఎన్నాళ్ళకొకసారి వేయించుకుంటారో తెలియదు, అంతే.

అయితే ఆ కుర్రవాడు డిసెంబరు 1న డిస్కు మార్చేముందు జాగ్రత్త కోసం ఆ బీరువా మొత్తం ఒక బయటి డిస్కులోకి నకలు తీసి పెట్టుకున్నాడు. దాన్ని తగిలించి, 'జెడ్‌గ్రెప్' కొట్టి, ఆమె పి.పి.ఓ. నంబరు ఇచ్చాడు. కాసేపటికి ఒక్క వరుస వచ్చింది. నవంబరు 14, ఉదయం 11 గంటల 40 నిమిషాలు, ఆమె నంబరు, దరఖాస్తు అందింది, స్వీకరించబడింది. ఆ తరువాత ఆ సర్టిఫికెట్ లోపల ఎక్కడ తప్పిపోయిందో అది వాళ్ళ విచారణ. ఆమె మాట మాత్రం నిలబడింది. ఫిబ్రవరిలో రెండు నెలల బకాయితో సహా పెన్షను వచ్చింది. అదే రోజున పంపి, "అందలేదు" అనిపించుకున్న మరికొందరి వరుసలూ ఆ మడతల్లోనే దొరికాయి. వాళ్ళు అసలు ఫిర్యాదే చేయలేదు. పంపడంలో తమదే పొరపాటు కాబోలనుకుని ఊరుకున్నారు.

బ్యాంకు ఖాతాలో డబ్బు జమ, ఖర్చు లెక్కలు ఏళ్ళ తరబడి ఉంటాయి. అవి లెడ్జర్లు. లెడ్జరు ఏం జరిగిందో చెబుతుంది. ఎవరు, ఎక్కడి నుంచి, ఏ గంటకు, ఏ దారిన చేశారో చెప్పేది లాగ్. ఆమె విషయంలో పెన్షను ఆగిందని లెడ్జరు చెప్పింది. ఆగడంలో ఆమె తప్పు లేదని చెప్పింది లాగ్ మాత్రమే.

ఎన్నాళ్ళు ఉంచాలి

దీనికి ఇప్పుడు ప్రభుత్వ ఆదేశం ఉంది. కంప్యూటరు భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీలు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు తమ యంత్రాల లాగ్‌లను ఎప్పుడు చూసినా వెనక్కి 180 రోజులకు తక్కువ కాకుండా భద్రపరచాలని అందులో ఉంది. సైబరు దాడి వంటిది తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలని ఉంది. యంత్రాల గడియారాలను జాతీయ భౌతిక ప్రయోగశాల లేక ఎన్.ఐ.సి. సమయంతో కలపాలని కూడా ఉంది. గడియారం తప్పయితే 11 గంటల 40 నిమిషాలకు విలువేముంది? ఆలస్యంగా వచ్చి గడియారం తప్పని వాదించినవాళ్ళు మన ఆఫీసుల్లోనూ ఉండేవారు కదా.

180 రోజులంటే చోటు చాలదని కొందరు అంటారు. లెక్క వేద్దాం. ఒక సర్వరు రోజుకు 40 మెగాబైట్ల లాగ్ రాస్తుందనుకుందాం. 180 రోజులకు 7,200 మెగాబైట్లు. పదో వంతుకు కుదిస్తే 720. మనవళ్ళు తాళంచెవుల గుత్తికి తగిలించుకు తిరిగే 32 గిగాబైట్ల పెన్‌డ్రైవులో ఒక మూలకు సరిపోతుంది. చోటు సమస్య కాదు. పత్రంలో 'వీక్లీ' బదులు 'డైలీ', 4 బదులు 180 అని రాయడమే కావలసింది.

అందులోనూ ఒక మెలిక ఉంది, కుర్రవాళ్ళు గమనించాలి. 180 అన్నది పుస్తకాల లెక్క, రోజుల లెక్క కాదు. పుస్తకం ఇంత లావయితే మార్చు అని సైజు నియమం పెట్టి, పని గంటగంటకూ నడిచేలా చేస్తే, రద్దీ రోజున ఒక్క పూటలోనే పది పుస్తకాలు మారవచ్చు. అప్పుడు 180 పుస్తకాలూ కొద్ది రోజుల్లోనే చుట్టి వస్తాయి. నవంబరులో పెన్షనర్లందరూ ఒకేసారి సర్టిఫికెట్లు పంపే రోజులు సరిగ్గా అలాంటివే. సైజు నియమం పెట్టినవారు రోజుల సంగతి కూడా చూసుకోవాలి. నకళ్ళు వేరే యంత్రంలోకి పంపుకోవాలి. దొంగ ఇంట్లోకి దూరితే ముందు చెరిపేది తన అడుగుజాడలే. జాడల నకలు పక్కింట్లో ఉంటే ఏమీ చేయలేడు.

అలాగని ఎప్పటికీ దాచిపెట్టమనడం నా ఉద్దేశం కాదు. ఆ వరుసల్లో మన నంబర్లు, మన రాకపోకలు ఉన్నాయి. అవసరం తీరిన తరువాత ఎవరి వివరాలూ ఎవరి బీరువాలోనూ పడి ఉండకూడదు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టమే వచ్చింది. ఉంచడానికీ గడువుండాలి, తీసేయడానికీ గడువుండాలి. మన ఎల్.డిస్, డి.డిస్ చెప్పింది అదే.

మనం చేయవలసినవి

సర్వరు గది తాళం మన దగ్గర లేదు. మన చేతిలో ఉన్నవి నాలుగు.

ఒకటి, ఏది పంపినా రసీదు తీసుకోండి. ప్రింటరు పనిచేయకపోతే తెరను ఫోనుతో ఫొటో తీయించుకోండి. తేదీ, గంట ఒక డైరీలో రాసుకోండి. మీ డైరీలో గంట ఉంటే వాళ్ళ లాగ్‌లో వెతకడం సులభమవుతుంది.

రెండు, నెలకొకసారి పాస్‌బుక్కు వేయించండి. యంత్రం మనకోసం ఆగదు, ప్రతి రాత్రీ ఒక పుస్తకం వెనక్కు జరుగుతూనే ఉంటుంది.

మూడు, మీకు తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోతే ఆ రోజే బ్యాంకుకు చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. సైబరు మోసమైతే 1930కి ఫోను చేయండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వులో, తప్పు మీదీ బ్యాంకుదీ కాక బయటివారిదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పని దినాల్లో చెప్పినవారికి నష్టభారం లేదని, తప్పు ఖాతాదారుదని రుజువు చేయవలసిన భారం బ్యాంకుదేనని చెప్పారు. ఆలస్యం పెరిగేకొద్దీ మన భారం పెరుగుతుంది.

నాలుగు, ఫిర్యాదు నోటితో కాదు, కాగితం మీద ఇవ్వండి. అందులో ఈ ఒక్క వాక్యం తప్పక చేర్చండి: "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఉన్న కంప్యూటరు లాగ్‌లను ఈ ఫిర్యాదు పరిష్కారమయ్యేవరకు తొలగించకుండా భద్రపరచవలసిందిగా కోరుతున్నాను." నకలు మీద ఇన్‌వర్డు ముద్ర వేయించుకోండి. ఆ వాక్యం అందిన తరువాత పుస్తకం పోతే, అది ఇక యంత్రం చేసిన పని అనిపించుకోదు. ప్రభుత్వ ఆఫీసయితే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. జవాబుకు 30 రోజుల గడువు. ఆ గడువులోగా పుస్తకం తిరిగిపోకుండా కాపాడేది కూడా ఈ వాక్యమే.

చివరగా పిల్లలకు ఒక మాట. ఈ సభలో వెనక వరుసల్లో అశోక్‌నగర్ గదుల్లో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న మనవలు, కంపెనీల్లో సర్వర్లు చూసుకునే మనవరాళ్ళు ఉన్నారు. మీరు రేపు ఒక యంత్రానికి యజమాని అయినప్పుడు ఆ ఆజ్ఞాపత్రం తెరిచి, 'రొటేట్' పక్కన ఏ అంకె ఉందో చూడండి. ఆ అంకె వెనక ఎవరో ఒక తల్లి రసీదు లేకుండా నిలబడి ఉండవచ్చునని తలచుకుని అంకె వేయండి.

కాగితం ఎలా రాయాలో సందేహమున్నవారు నన్ను ఎప్పుడైనా అడగవచ్చు. ఫిర్యాదు నమూనా కార్యదర్శిగారి దగ్గర ఉంచాను. నకలు కావలసినవారు తీసుకోవచ్చు. సెలవు. నమస్కారం.